కారణం ఒద్దు బాబూ, తేదీ సెప్పండి

కిందటి ఆదివారం భిలాయిలో, సుపేలా బజారులో గుమ్మడికాయ కొంటున్నాను. చేతుల్లోకి తీసుకుని, వేలి కణుపుతో రెండు దెబ్బలు కొట్టి, చెవి దగ్గర పెట్టుకున్నాను. ఆ దెబ్బలో ఏం వినపడాలో నాకు తెలీదు, ఇన్నేళ్లలో ఒక్కసారీ ఏమీ వినపడలేదు. అయినా అలా కొట్టకుండా గుమ్మడికాయ కొనడం నాకు చేతకాదు. కూరగాయల గుట్ట వెనక కూర్చున్నావిడ క్యాంప్ 2 బస్తీ మనిషి, మన వైపావిడే. నన్ను చూసి నవ్వింది.

"మేస్త్రి కాడ నేర్సేరా బాబూ?" అంది.

అవునన్నాను. ఆవిడ కాయని తక్కెడలో పెడుతూ, "ఆయన పోయి పద్నాలుగు రోజులైంది. మీకు తెలవదా?" అంది.

తెలీదు. సంచీ పుచ్చుకుని స్కూటర్ దాకా వచ్చేశాక ఆవిడ కేకేసి పిలిచి చిల్లర ఇచ్చింది. ఇంటికి వెళ్లాల్సినవాణ్ణి వెళ్లలేదు. సంచీ హేండిల్‌కి తగిలించుకుని కాసేపు ఆ రోడ్డు పక్కనే నిలబడ్డాను.

మేస్త్రి అంటే వంట మేస్త్రి. భిలాయిలో మా తెలుగువాళ్ల పెళ్లిళ్లు సగం ఆయన చేతి మీదుగానే జరిగాయి. పేరు రాయను. ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్లు కూడా తక్కువే. శ్రీకాకుళం పక్క నుంచి ఎప్పుడొచ్చాడో, ఎందుకొచ్చాడో, ఎందుకు పెళ్లి చేసుకోలేదో నాకు తెలీదు. అడిగితే చెప్పే మనిషి కాదు. నాకు తెలిసినవి ఆయన అలవాట్లే.

పొయ్యి వెలిగించే ముందు బీడీ ఒకటి చెవి వెనక పెట్టుకునేవాడు. ఆఖరి బంతి లేచేదాకా అది అక్కడే ఉండేది, వెలిగించడు. వండినదేదీ రుచి చూడడు. గరిటె ముక్కు దగ్గరికి తెచ్చుకుని, కళ్లు మూసుకుని, "పడింది" అంటే ఉప్పు సరిపోయినట్టు. "ఇంకా పడాల" అంటే చాలనట్టు. మేమందరం రుచి చూసి చెప్పేవాళ్లం, ఆయన మాటే నెగ్గేది. ఎంతమంది వచ్చారో తెలుసుకోవడానికి పందిట్లోకి తొంగి చూసేవాడు కాదు. షామియానా బయట విడిచిన చెప్పుల్ని ఓసారి చుట్టూ తిరిగి చూసి వచ్చి, "ఇంకో కుండెడు బియ్యం కడగండ్రా" అనేవాడు. పిల్లల చెప్పులు ఎక్కువుంటే బూరెలు ఎక్కువ వేయించేవాడు. మా అమ్మ ఆ తెలివికి మురిసిపోయి, ఇంజనీర్లకి ఈ బుద్ధి ఉంటే ఉక్కు ప్లాంటు ఎప్పుడో బాగుపడేదని నన్ను చూస్తూ అనేది.

ఆయన దగ్గర డైరీ లేదు. గోడకి తెలుగు క్యాలెండర్ ఉండేది. పెళ్లి ఒప్పుకోగానే పసుపు తడిపి ఆ తేదీ మీద వేలితో ఒక చుక్క పెట్టేవాడు. అంతే రాతకోత. పెళ్లి వాయిదా పడిందని కబురొస్తే తడి గుడ్డతో ఆ చుక్క తుడిచేసి కొత్త తేదీ మీద ఇంకో చుక్క పెట్టేవాడు. తుడిచినచోట కాగితం కాస్త పసుపుపచ్చగా మిగిలేది.

వాయిదా పడిన పెళ్లంటే ఇంటివాళ్లకి ఎంత తలవంపో మీకు తెలుసు. ఇచ్చిన బయానాలు ఏమవుతాయోనన్న బెంగ ఒకటి, ప్రతి దుకాణం ముందూ నిలబడి ఎందుకు ఆగిందో చెప్పుకోవాల్సిన బాధ ఒకటి. రెండోదే ఎక్కువ కష్టం. మా సెక్టార్‌లోనే ఒక పెద్దమనిషి కూతురి పెళ్లి, పెళ్లికొడుకు ఇష్టం లేదనడంతో నాలుగు రోజుల ముందు ఆగిపోయింది. ఆ తండ్రి మేస్త్రికి చెప్పడానికి వెళ్లి, స్టూలు మీద కూర్చుని, "అసలేమైందంటే మేస్త్రీ" అని మొదలుపెట్టాడట. మేస్త్రి చెయ్యెత్తి ఆపేశాడు.

"కారణం ఒద్దు బాబూ, తేదీ సెప్పండి."

"తేదీ లేదు మేస్త్రీ. పెళ్లే లేదు."

"అయితే సుక్క తుడిసేత్తాను. మళ్లీ ఎట్టుకున్నప్పుడు మీ బయానా మీకుంటాది."

ఆ పెద్దమనిషే ఈ సంగతి నాకు చెప్పాడు. ఊళ్లో ఆ వారం తనని కారణం అడగనివాడు మేస్త్రి ఒక్కడేనని చెబుతూ కళ్లు తుడుచుకున్నాడు. నేను దాన్ని ఒక వంటవాడి మంచితనం కింద జమకట్టి ఊరుకున్నాను. అది ఆయన పద్ధతనీ, తనకీ అదే వర్తింపజేసుకుంటాడనీ నాకప్పుడు తట్టలేదు.

నా ఉద్యోగం గురించి చెప్పకపోతే తరవాతది అర్థం కాదు. ప్లాంటులో నాది కాంట్రాక్టుల విభాగం. బయటి కాంట్రాక్టరు చేసిన పనిని టేపు పెట్టి కొలిచి, కొలిచినంతే జరిగిందని సంతకం పెట్టడం, పని ఆలస్యమైతే కారణం రాతపూర్వకంగా తెప్పించుకోవడం నా పని. కారణం కాగితం మీద లేకపోతే గడువు పెంచం. ఎవడికైనా ఇంట్లో చావుంటే చావు కాగితం తెమ్మంటాం. చెయ్యని పని చేసినట్టు నేను ఏనాడూ సంతకం పెట్టలేదు. ఆ విషయంలో నాకు కాస్త గర్వం ఉండేది, చుట్టాల ముందు చెప్పుకునేవాణ్ణి కూడా.

ఆరేళ్ల కిందట మా చెల్లెలి పెళ్లి కుదిరింది. నాన్నగారు లేరు కాబట్టి పెత్తనం నాది. పెళ్లి పనులకి కూడా టెండరు పిలిచినంత హడావిడి చేశాను. టెంటువాడికి, బ్యాండువాడికి, దీపాలవాడికి, వంట మేస్త్రికి, అందరికీ ఒకే నమూనాలో ఒప్పంద పత్రం రాశాను. తేదీ మారితే కొత్త తేదీకి పదిహేను రోజుల ముందు మేము కబురు చేస్తాం, ఆ రోజుకి అదే ధరకి పని చెయ్యాలి, ఒప్పుకున్న మనిషే స్వయంగా హాజరు కావాలి, బదులు మనిషిని పంపకూడదు, తప్పితే బయానాకి రెట్టింపు. ఇలా తొమ్మిది షరతులు. మాకంటే ముందు ఇంకొకరి పెళ్లిలో ఒక వంటవాడు తన తమ్ముణ్ణి పంపి పులిహోర పాడుచేశాడని విని, "స్వయంగా" అన్న మాట కింద గీత కూడా గీశాను.

మేస్త్రి మా వరండాలో కింద కూర్చుని ఆ కాగితం రెండు చేతులతో పట్టుకున్నాడు. వయసులో నాకంటే ఇరవై ఏళ్లు పెద్ద. నేను నువ్వు అనేవాణ్ణి, ఆయన బాబూ అనేవాడు. అప్పుడది నాకు తప్పుగా కనిపించలేదు.

"పెళ్లొంటకి కాయితమేటి బాబూ?" అన్నాడు.

"అందరికీ రాశాను మేస్త్రీ. నీకొక్కడికే కాదు."

"నోటి మాట సాలదా?"

"చాలదని కాదు. ఎందుకైనా మంచిదని."

చదివి వినిపించాను. తొమ్మిదీ విని సంతకం పెట్టాడు. ప్లాంటులో గోడలు కట్టే రోజుల్లో జీతం పుస్తకంలో పెట్టడానికి నేర్చుకున్న సంతకం అది, ఒక్కో అక్షరం విడివిడిగా, నాలుక కొన పళ్ల మధ్య పెట్టుకుని రాశాడు. తరవాత మా అమ్మని కాస్త పసుపడిగి ఆ కాగితం నాలుగు మూలలా రాశాడు. పెళ్లి కాగితం కదా, ఉత్తినే ఉండకూడదన్నాడు. నా టైపు కాగితం మీద మరకలయ్యాయని నేను విసుక్కున్నాను.

పెళ్లికి ఎనిమిది రోజులుందనగా విశాఖపట్నం నుంచి టెలిగ్రాం వచ్చింది. పెళ్లికొడుకు తల్లి తరఫు తాతగారు పోయారు. తండ్రి పోయిన ఆ తల్లి, ఏడుస్తూ పందిట్లో కూర్చోలేనందట. వాళ్లని తప్పుపట్టడానికి లేదు. జ్యేష్ఠంలో కావాల్సిన పెళ్లి, ఆషాఢం దాటించి శ్రావణంలో పెట్టుకున్నాం. ఉన్నవాటిలో మంచిది పగటి ముహూర్తం, పది నలభైకి.

కాగితాల కట్ట పట్టుకుని బయల్దేరాను. ముందు టెంటువాడి దగ్గరికి. గొడవ పడటానికి సిద్ధపడే వెళ్లాను. ఆయన కొత్త తేదీ విని పకపకా నవ్వాడు.

"సావన్‌మే షాదీ? ఆప్ ఆంధ్రావాలే భీ కమాల్ హైఁ. లే లీజియే భయ్యా, హమ్ తో ఖాలీ బైఠే హైఁ."

శ్రావణంలో పెళ్లేమిటని ఆయనకి వింత. ఇక్కడి హిందీవాళ్లకి ఆషాఢంలో దేవుడు నిద్రపోతాడు, మళ్లీ కార్తీకంలో గాని లేవడు. ఆ నాలుగు నెలలూ పెళ్లిళ్లు లేవు. టెంట్లు చుట్టచుట్టి గోదాములో ఉంటాయి, బ్యాండువాళ్లు ఈగలు తోలుకుంటారు. మనకా శ్రావణమంటే పెళ్లిళ్ల నెల. దీపాలవాడూ బ్యాండువాడూ కూడా అలాగే, ఖాళీగా ఉన్న రోజుల్లో పని దొరికిందని సంతోషంగా ఒప్పుకున్నారు. బ్యాండువాడు టీ కూడా తాగించాడు. నేను రాసిన తొమ్మిది షరతుల్లో ఒక్కటీ ఎవరికీ చూపించాల్సిన అవసరమే రాలేదు. శ్రావణంలో ఊరంతా ఖాళీయే అన్న ధీమాతో నేను ఆఖరున మేస్త్రి ఇంటికి వెళ్లాను. పుట్టి పెరిగింది భిలాయిలో, చదివింది హిందీ బడిలో. ఊళ్లోవాళ్ల క్యాలెండరే నాకూ క్యాలెండర్ అయిపోయింది. మేస్త్రి వండేది మనవాళ్ల పెళ్లిళ్లకని, ఊరంతా ఖాళీగా ఉన్న నెలలోనే ఆయనకి ఊపిరాడదని ఒక్క క్షణం ఆలోచించినా తెలిసేది.

క్యాంప్ 2లో ఆయన ఇల్లు ఒకటిన్నర గది. తెర వెనక ఎవరో ఆడమనిషి పిండి రుబ్బుతున్న చప్పుడు. గోడవారన కొత్త వెదురు బుట్ట ఒకటి, పెద్దది, బోర్లించి ఉంది. వంటవాడి ఇల్లు కదా, అన్నం పొయ్యడానికనుకున్నాను.

పెళ్లి ఆగిన సంగతి చెప్పబోతే ఆయన చెయ్యెత్తాడు. "కారణం ఒద్దు బాబూ, తేదీ సెప్పండి."

చెప్పాను. ఆయన లేచి క్యాలెండర్ దగ్గరికి వెళ్లి నాకు వీపు పెట్టి నిలబడ్డాడు. చాలాసేపు నిలబడ్డాడు. ఆయన భుజం పక్కనుంచి నేనూ చూశాను. ఆ తేదీ మీద అప్పటికే పసుపు చుక్క ఉంది. దాని మీద కుంకుమ బొట్టు కూడా ఉంది. మిగతా చుక్కల మీద కుంకుమ లేదు. ఎవరో పెద్ద పార్టీ, ఎక్కువ ఇస్తానన్నారు, మా పని ఎగ్గొట్టడానికి చూస్తాడనుకున్నాను. కాంట్రాక్టరు ముఖం తిప్పుకుని నిలబడ్డాడంటే మా విభాగంలో ఎవరైనా ఇదే అనుకుంటారు.

"ఆ రోజు తప్పితే ఇంకోటి లేదా బాబూ?"

"పంతులుగారు పెట్టిన ముహూర్తం. ఎలా మారుస్తాం?"

"నా కాడ పన్చేసినోడు ఒకడున్నాడు. నా సెయ్యే అనుకోండి. ఆణ్ణి అంపుతాను."

కాగితం తీసి, గీత గీసిన మాట మీద వేలు పెట్టి చూపించాను. ఆయన చదవలేడు, అయినా వంగి చూశాడు.

"అయితే నానే ఒత్తాను. పొద్దున్న తొమ్మిదిన్నరకి ఓ గంటన్నర ఒగ్గేయండి. సైకిలు మీద ఎల్లి ఒచ్చేత్తాను. ఎసరూ అవీ సూసి మరీ ఎల్తాను."

"లగ్నం వేళకి వంటశాల వదిలేసి పోతే ఎలా మేస్త్రీ? పదకొండున్నరకి మొదటి బంతి. మగపెళ్లివారు దిగి ఉంటారు."

తెర వెనక రుబ్బుడు ఆగింది.

"ఎక్కడికి వెళ్లాలి? కారణమేమిటో చెప్పు, చూద్దాం," అన్నాను. ఆ గొంతు నాకు బాగా తెలుసు. ఆఫీసులో బల్ల అవతల నిలబడ్డవాడితో మాట్లాడే గొంతు.

మేస్త్రి నా వైపు చూశాడు. చెప్పేస్తాడనే అనుకున్నాను. చెవి వెనక చెయ్యి పెట్టి, అక్కడ బీడీ లేదని గుర్తొచ్చినట్టు దించేశాడు.

"కారణం ఏటుంది బాబూ. కాయితంలో ఎలగ రాసేరో అలగే."

గ్లాసులో పసుపు తడిపి ఆ తేదీ మీద, ఉన్న చుక్క పక్కనే, ఇంకో చుక్క పెట్టాడు. మొదటిది తుడవలేదు. నా షరతు పనిచేసిందని నేను సంతోషంగా స్కూటర్ ఎక్కాను. ఇంటికొచ్చి, చూశావా కాగితం విలువ అని అమ్మ దగ్గర గొప్పలు పోయాను కూడా.

పెళ్లిరోజు తెల్లవారుతూనే వాన. షామియానా మీద నీళ్లు నిలిచి కర్రలతో ఎత్తి పారబోయాల్సి వచ్చింది. మా క్వార్టర్ గుమ్మం నుంచి మండపానికి ఇరవై అడుగులు. ఆ మేర బురదలో చెక్కలు పరిపించాను. ఆ కొలత నాకు గుర్తు, నేనే అడుగులేసి లెక్కపెట్టి చెక్కలు తెప్పించాను.

మేస్త్రి తెల్లవారుజామునే వచ్చాడు. ఎప్పుడూ మసిబారిన లుంగీతో ఉండేవాడు ఆ రోజు మడత నలగని తెల్ల పంచె కట్టుకుని, నుదుట కుంకుమ పెట్టుకుని ఉన్నాడు. దప్పళం పొయ్యి దగ్గర తెల్ల పంచేమిటి మేస్త్రీ అని ఎవరో వేళాకోళం చేస్తే నేనూ నవ్వాను. ఆయన నవ్వలేదు. పదయ్యేసరికి నన్ను రెండుసార్లు టైమెంతని అడిగాడు.

గౌరీపూజ అయ్యాక చెల్లెల్ని బుట్టలో కూర్చోబెట్టారు. మేనమామ ఎత్తుకుని మండపానికి తేవాలి. మా మామయ్య విజయనగరం నుంచి నడుము నొప్పితోనే వచ్చాడు. అటుపక్క మా పెదనాన్న కొడుకు పట్టుకున్నాడు, ఇటుపక్క మామయ్య. బ్యాండు మొదలైంది. నేను వెనక గొడుగు పట్టుకుని నడుస్తున్నాను. నాలుగు అడుగులు వేశారో లేదో తడి చెక్క మీద మామయ్య కాలు జారింది. బుట్ట ఒక పక్కకి ఒరిగింది, చెల్లెలు అన్నయ్యా అని కేక పెట్టింది. అంతలో పక్కనుంచి ఒక చెయ్యి వచ్చి బుట్ట కింద ఆనింది. మోచేతిదాకా శనగపిండి. మేస్త్రి.

మామయ్య నిలదొక్కుకున్నాడు. మేస్త్రి చెయ్యి తియ్యలేదు. మామయ్య పక్కనే అడుగులో అడుగు వేస్తూ నడిచాడు. తల కాస్త వంచి, బుట్టలోకి కాక కింద చెక్కల్ని చూసుకుంటూ నడిచాడు. పెదవులు కదులుతున్నాయి. నేను ముందుకి వంగి ఆయన భుజం మీద తట్టాను.

"వంట దగ్గరెవరున్నారు? మామయ్య పట్టుకున్నారు కదా. చెయ్యి తియ్యి, నువ్వెళ్లు."

వినపడలేదేమోనని ఇంకోసారి అన్నాను. ఇంకో అడుగు వేశాడు. తరవాత చెయ్యి తీసి, చెక్కల మీంచి బురదలోకి దిగి, పంచె ఎత్తి పట్టుకుని వంటశాల వైపు వెళ్లిపోయాడు. మొత్తం ఆరో ఏడో అడుగులు మోసి ఉంటాడు. బుట్ట అడుగున ఆయన చేతి పిండి ముద్ర తెల్లగా ఉండిపోయిందని అమ్మ తరవాత చూపించింది. ఆ రోజు దప్పళంలో ఉప్పెక్కువైంది. ఆయన వంటలో అలా కావడం నేనెరిగి అదొక్కసారే. మగపెళ్లివారు మొహమాటంతో తిన్నారు, నేను మొహమాటం లేకుండా మేస్త్రిని నాలుగు మాటలన్నాను. "రెండు మాట్లు పడిపోయింది బాబూ" అన్నాడు.

తరవాత ఏడాదిన్నరకి మా అబ్బాయి అన్నప్రాశన వచ్చింది. మళ్లీ మేస్త్రి ఇంటికే వెళ్లాను. ఆయన లేడు. తెర తీసుకుని ఒకావిడ వచ్చింది. మేస్త్రి చెల్లెలినని చెప్పింది. నేనెవరో చెప్పగానే ఆవిడ ముఖం బిగిసింది. కూర్చోమనలేదు, మంచినీళ్లడగలేదు. ఆవిడ వెనక గోడకి పెళ్లి ఫోటో ఒకటి ఉంది. బుట్టలో పెళ్లికూతురు. ఆ బుట్టని ఒక సన్నపాటి మనిషి ఎక్కడ పట్టుకోవాలో తెలియనట్టు పట్టుకుని, భయంభయంగా కెమెరాకేసి చూస్తున్నాడు.

ఏదో ఒకటి మాట్లాడాలని, "మీ అమ్మాయా?" అన్నాను.

"నా కూతురు. దీనికి ఊహ తెలీకముందే తండ్రి పోతే మా అన్నే పెంచేడు."

"ఈయన మేనమామా?"

"పక్కింటి భయ్యా. ఇక్కడోడు, మన మాట ఒక్కటీ రాదు. పంతులుగారు సెప్పింది సెప్పినట్టు సేసేడు, పాపం." ఆవిడ ఫోటో వైపు చూడకుండా చెప్పింది. "మేనమామ మీ ఇంటికాడ ఒంట సేత్తన్నాడు. అదే రోజు, అదే లగ్నం. కుర్రోడోళ్లు రూర్కెలా కాణ్ణుంచి రావాల, మేం మార్సుకోలేకపోయేం. సెప్పరా అన్నయ్యా, ఆ బాబుకి సెప్పరా అని నాను పోరేను. సంతకం ఎట్టేను, కారణాలు సెప్పుకుంటానేటి అన్నాడు."

క్యాలెండర్ మీద కుంకుమ బొట్టు, గోడవారన కొత్త బుట్ట, తెల్ల పంచె, రెండుసార్లు అడిగిన టైము అన్నీ ఒక్కసారి నా కళ్లముందుకి వచ్చాయి. చీమూ నెత్తురూ ఉన్నవాడికెవడికైనా అక్కడ నిలబడటం కష్టం. నా తొమ్మిది షరతుల్లోనూ మాకేం కావచ్చో అన్నీ ఊహించి రాశాను. అవతలివాడింట్లో కూడా పెళ్లి కావచ్చునన్న ఊహే నాకు రాలేదు.

అంతలో సైకిలు గోడకి ఆనించి మేస్త్రి లోపలికి వచ్చాడు. నన్ను చూశాడు, చెల్లెలి ముఖం చూశాడు, అర్థమైపోయింది.

"మేస్త్రీ, ఆ రోజు నాకు తెలీక" అని మొదలుపెట్టాను. "నువ్వొక్క మాట చెప్పి ఉంటే..."

ఆయన చెయ్యెత్తాడు.

"కారణం ఒద్దు బాబూ," అన్నాడు మెల్లిగా. "తేదీ సెప్పండి."

నేను తేదీ చెప్పాను. అన్నప్రాశన తేదీ. ఆయన పసుపు చుక్క పెట్టాడు. ఆ రోజు వచ్చి వండాడు, మావాడి నోట్లో పెట్టే పరమాన్నం గరిటె ముక్కు దగ్గర పెట్టుకుని, పడింది అన్నాడు. తరవాత మా ఇంట్లో ఏ వంటకీ నేను కాగితం రాయలేదు. మీరు అని పిలవడానికి ప్రయత్నించాను. రెండుసార్లు పిలిచేసరికి ఆయనకే ఇబ్బందిగా ఉందని మానేశాను. చెప్పాల్సిన మాట మాత్రం చెప్పనేలేదు. ఆయన చెయ్యెత్తి ఆపాడు కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఆ చెయ్యి దించి చెప్పవచ్చు, నాలుగేళ్లకి పైగా టైముంది. ఇంకోసారి చెబుదాం, ఇంకో పండక్కి చెబుదాం అంటూ నేనే వాయిదా వేసుకుంటూ వచ్చాను.

సుపేలా నుంచి ఆదివారం నేరుగా క్యాంప్ 2కి వెళ్లాను. ఇల్లు అలాగే ఉంది. మేనకోడలు రూర్కెలా నుంచి వచ్చి ఇంకా వెళ్లలేదు. ఫోటోలో పిల్ల ఇప్పుడు కాస్త ఒళ్లు చేసింది. స్టూలు తుడిచి వేసింది. లోపల తెర వెనక రుబ్బురోలు చప్పుడు, వాళ్లమ్మ. నేను వచ్చానని తెలిసినా ఆవిడ బయటికి రాలేదు.

"మీరు ఆ కాగజ్‌వాలే సార్ కదా?" అంది మేనకోడలు. "మామయ్య మిమ్మల్ని అలాగే చెప్పేవాడు. కాయితం బాబు అని. గుస్సాతో కాదు సార్, ఉత్తినే."

నేను గోడకేసి తిరిగాను. క్యాలెండర్ మీద ఈ నెలలో మూడు పసుపు చుక్కలున్నాయి. ఒకటి ఇంకా రావాల్సిన తేదీ. ఆ ఇంటివాళ్లకి కబురు పంపారా అని అడిగాను. పంపామంది.

ఆ పిల్లే మళ్లీ మొదలుపెట్టింది. "సార్, మిమ్మల్ని ఒకటి అడగాలి, పూఛ్‌నా థా. మామయ్య ప్రతిసారీ ఒకటే చెప్పేవాడు. నీ లగ్నం టైముకి నేను భీ బుట్ట ఎత్తేనే అమ్మా, ఆ బాబు చెల్లెల్ని మండపం దాకా మోసేను, మనసులో నువ్వే ఉన్నావు అని. మా అమ్మ నమ్మదు. నన్ను సంఝానేకి, ఊరుకోబెట్టడానికి చెప్తున్నాడు, అంతే అంటది." నా ముఖంలోకి చూసింది. "మీరక్కడే ఉన్నారు కదా. సచ్ హై క్యా సార్?"

"నిజమేనమ్మా," అన్నాను. "మా మామయ్య కాలు జారితే ఆయనే పట్టుకున్నాడు. నేను వెనకే ఉన్నాను."

"మండపం దాకానా?"

తెర వెనక రోలు ఆగింది.

"మండపం దాకా," అన్నాను.

తెర తొలిగింది. ఆవిడ పిండి చేతులతో గుమ్మంలో నిలబడింది. నావైపు కాక నేలకేసి చూస్తూ అడిగింది.

"ఎన్నడుగులుంటాది బాబూ, మీ గుమ్మం కాణ్ణుంచి మండపానికి?"

"ఇరవై."

"ఇరవై అడుగులూ మోసేడా?"

"మోశాడమ్మా," అన్నాను. "ఇరవై అడుగులూ."